వగరు రుచి కాదట!

సోమవారం

రెండో అరలో బచ్చలి కోసి వంటశాలకు పంపాను. టొమాటోలకు ఎరువునీళ్ళు తగ్గించాను. అరటి గెల వేసింది, కింద ఊతకర్ర పెట్టాను. అంగారకుడి మీద గెల బరువు సగం కూడా ఉండదు, ఊతకర్ర అవసరం లేదని తెలుసు, కానీ చేతులు ఊరుకోవు. పంటగది లాగ్‌లో రాయవలసింది ఇంతే. రోజూ ఇంతే రాస్తాను. ఈరోజు మాత్రం ఎక్కువ రాస్తాను. కోపం రాసుకోవడానికి ఈ తొలిగట్టు ఊళ్ళో నాకు వేరే పుస్తకం ఎవరూ ఇవ్వలేదు మరి.

ఊరి కింద చల్లగుహ ఖాళీ చేస్తున్నారు. అక్కడ గాలి ట్యాంకులు పెడతారట. భూమి నుంచి వచ్చేటప్పుడు మనిషికొక చిన్న పెట్టె తెచ్చుకోనిచ్చారు కదా, అవన్నీ ఆ గుహలోనే ఉన్నాయి. ఎవరి పెట్టె వాళ్ళు పట్టుకుపొమ్మని కబురొచ్చింది. ఒర్నెల్లమ్మ నన్ను తోడు రమ్మంది.

ఒర్నెల్లమ్మ ఇటలీ మనిషి. రాళ్ళ శాస్త్రవేత్త. అంగారకుడి మీదకు మొదటి విడతలో వచ్చినవాళ్ళలో ఒకావిడ. డెబ్బై దాటాయి. తెలుగు నా దగ్గరే, నా పంటగదిలోనే నేర్చుకుంది కాబట్టి అచ్చం మా రేపల్లె వాళ్ళలాగే మాట్లాడుతుంది. తిట్లతో సహా.

ఆవిడ పెట్టెలో ఉన్ని మేజోడులో చుట్టిన నల్లటి సీసా ఒకటి ఉంది.

"ఏందమ్మా ఇది?" అన్నాను.

"వైనే. బరోలో అంటారు. మా తాత కొండ మీద కాసిన ద్రాక్ష. ఆ కొండకి అదే ఆఖరి పంట. ఆ తర్వాత ఎండలకి తీగెలన్నీ మాడిపోయినై" అంది.

ఆ పంట కోసిన ఏడు ఆవిడకు ముప్ఫై. పీపాలోంచి తీసి రుచి చూస్తే చిగుళ్ళు పట్టుకుని లాగేసిందట. "ఇది నువ్వు ముసలిదానివి అయ్యాక తాగాల్సింది. అప్పటికి మెత్తబడుద్ది" అన్నాడట వాళ్ళ నాన్న. అందుకని ఒక సీసా దాచుకుంది. దాచుకుని ఇంత దూరం తెచ్చుకుంది.

"ముసలిదాన్ని అయ్యాగా. మెత్తబడిందో లేదో చూడాల" అంది.

గుహ వాకిట్లో మల్లేశం కూర్చుని సామాను రాసుకుంటున్నాడు. మంచివాడు. వరంగల్ వైపు మనిషి. మేం చెప్పేలోపే ఆ సీసాను భక్తిగా రెండు చేతులతో అందుకుని, కళ్ళు మూసుకుని, గట్టిగా పైకీ కిందికీ ఊపేశాడు.

"ఓరి నీ చేతులిరగ!" అని అరిచింది ఒర్నెల్లమ్మ.

మల్లేశం బిత్తరపోయాడు. "ఏమైందమ్మా? మంచిగ ఊపే ఇస్తున్న గదా! పెద్దమనిషివి, నీకు ఊపకుంట ఇస్తనా?"

అతన్ని అనడానికేం లేదు. ఇక్కడ తాగేదేదైనా సంచుల్లో వస్తుంది, అందులో కలిపిన లవణాలు అడుగున పేరుకుంటాయి. "ఊపి తాగండి" అని ప్రతి గోడ మీదా రాసి ఉంటుంది. ఇంటికొచ్చిన చుట్టానికి ఊపకుండా ఇస్తే అవమానించినట్టు లెక్క. పెద్దవాళ్ళకు మరింత గట్టిగా ఊపుతారు. ఆ మర్యాదే ఆ సీసా కొంప ముంచింది. నలభై ఏళ్ళుగా అడుగుకు దిగి పడుకున్న మడ్డి అంతా లేచి వైన్‌లో కలిసిపోయింది. భూమ్మీద అయితే రెండు రోజులు నిలబెడితే తేరుకునేదట. ఇక్కడి బరువుకు ఎన్నాళ్ళు పడుతుందో ఆ కొండ దేవుడికే తెలియాలి.

ఇంతా చేసి మల్లేశం నెత్తి గోక్కుంటూ, "ఇంకో ముచ్చట మేడం. నోట్లెకు పోయే సరుకు గదా ఇది. ఇంటికి ఇయ్యరాదు. సవరణకు పంపాలె" అన్నాడు.

సవరణ! ఆ మాట వింటేనే నాకు ఒళ్ళు మండిపోతుంది.

మంగళవారం

పంటగదిలో తేమ సరిచూశాను. గోంగూర ఆకుకు పురుగేం లేదు. పురుగు ఇక్కడ ఎక్కడిది, మనుషులే చాలు.

రుచి సంఘం అధికారి డాక్టర్ ఇందుశేఖర్ పొద్దున్నే గుహకు వెళ్ళి, సీసా మూతలోంచి సన్నటి సూది గుచ్చి నాలుగు చుక్కలు తీసి పరీక్ష చేశాడు. ఈ కుర్రాడు తొలిగట్టులోనే పుట్టాడు. చాలా మర్యాదస్థుడు. ఆ మర్యాద చూస్తే ఇంకా మండుతుంది, గట్టిగా తిట్టడానికి కుదరదు. మధ్యాహ్నం ఫలితం తెచ్చి చూపించాడు.

తీపి లేదు. పులుపు ఎక్కువ. చేదు కొంచెం. ఉప్పు లేదు. మాంసపు రుచి లేశమాత్రం. ఆ కింద ఎర్ర అక్షరాల్లో, "ఏ రుచికీ చెందని పదార్థం, చాలా ఎక్కువ. పూర్తిగా తొలగించాలి."

"ఆ పదార్థమేంటో తెలుసా నాయనా?" అని అడిగాను.

"తెలుసండీ. ఇంతకుముందు మీ అర్జీలో రాశారు కదా. వగరు" అన్నాడు.

తెలిసి కూడా తెలియనట్టు నిలబడ్డాడు.

ఈ సవరణ యంత్రం ఊరు కట్టిన కొత్తలో వచ్చింది. తిండి సయించక జనం చిక్కిపోతుంటే, ఎవరి నాలుకకూ ఎదురుతిరగని తిండి పెట్టాలని తెచ్చారు. చెట్టు నుంచి తెంపి తినకూడదు; వంటశాలలోకి వెళ్ళే ప్రతి ఆకూ, ప్రతి కాయా దాని నోట్లోంచి దిగాలి. అది అయిదు రుచులను సరిచేస్తుంది. ఆ అయిదింటికీ చెందనిదాన్ని తీసి పారేస్తుంది. వగరు రుచి కాదట. శాస్త్రం ఒప్పుకోదట. అది నోటికి కలిగే స్పర్శ అట. శాస్త్రం నేనూ చదివాను. నోటికి తెలిసేదాన్ని రుచి అనకపోతే ఏమనాలో ఆ శాస్త్రంలో ఎక్కడా చెప్పలేదు.

ఆ లెక్కన కారం కూడా రుచి కాదు, నొప్పి. కానీ కారం జోలికి వెళితే ఈ ఊళ్ళో సగంమంది గొడ్డళ్ళు వెతుక్కుంటారని సంఘానికి బాగా తెలుసు. అందుకని కారానికి ప్రత్యేక ఉత్తర్వు ఇచ్చి వదిలేశారు. నోరున్నవాడిదే రాజ్యం. పాపం వగరుకు ఎవరున్నారు? నా పంటగదిలో పండిన నేరేడు పండు తింటే పంచదార నీళ్ళు తాగినట్టుంటుంది. అరటికాయ వేపుడు తింటే ఉడికిన అట్ట తిన్నట్టుంటుంది. ఉగాది పచ్చడిలో మామిడి పిందె ముక్క ఉంటుంది, వగరు ఉండదు. నేను వచ్చిన నాటి నుంచీ ఈ ఊళ్ళో షడ్రుచులంటే అయిదే. కొత్త సంవత్సరాన్ని ఒక రుచి తక్కువగా మొదలుపెట్టి సుఖపడమంటే ఎలా సుఖపడతాం?

అందుకే అర్జీ పెట్టాను. వగరును ఆరో రుచిగా గుర్తించండి, యంత్రాన్ని దాని మీదకు పోనివ్వకండి అని. భూమి మీద పుట్టినవాళ్ళు చాలామంది సంతకాలు చేశారు. ఇక్కడ పుట్టినవాళ్ళు "వగరంటే ఏంటండీ?" అన్నారు. ఆ ప్రశ్నే నా అర్జీకి అసలు కారణం.

ఇంకో కారణం కూడా ఉంది. ఒర్నెల్లమ్మకు వాసన తెలియదు. గనిలో గోడ చీలి ఎర్ర దుమ్ము ముంచెత్తినప్పుడు ముక్కు పోయింది. వాసన పోయాక రుచి ఎంత మిగులుతుంది? తీపీ, పులుపూ మొద్దుగా తెలుస్తాయి, కారం మండుతుంది, అంతే. ఒకరోజు ఆవిడ నా జామ చెట్టు కింద దొంగచాటుగా పచ్చి పిందెలు నములుతూ పట్టుబడింది. "ఇదొక్కటే తెలుస్తందే నాకు, నోరు పట్టుకుంటంది" అంది కళ్ళనీళ్ళతో. వాసనతో పనిలేకుండా చిగుళ్ళకు తెలిసేది వగరు ఒక్కటే. ఆ రోజు నుంచే మాకు స్నేహం.

ఇప్పుడు ఆ సీసాలో ఆవిడకు మిగిలింది కూడా అదే. దాన్ని తీసేసి ఇస్తామంటున్నారు.

శుక్రవారం

ఈరోజు చేసిన పనులు: ఏమీ లేవు. ఎండు ఆకులు కూడా ఏరలేదు.

రుచి సంఘం మమ్మల్ని పిలిచింది. ముందు అధ్యక్షురాలు చాలా ప్రేమగా మాట్లాడింది. భూమి నుంచి వచ్చిన అపురూపమైన వస్తువు, పెద్దావిడ కోరిక, తప్పకుండా తాగనిద్దాం అంది. నా ప్రాణం లేచొచ్చింది. ఆ వెంటనే, "సవరణ అయ్యాక" అంది. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటే ఇదే. ఇక్కడ దేవుడూ పూజారీ ఒక్కరే అయి కూర్చున్నారు.

ఒర్నెల్లమ్మ లేచి నిలబడింది.

"అమ్మాయ్, అది తీసేస్తే ఏం మిగులుద్ది? పుల్లనీళ్ళు. ఆ ద్రాక్షకి పుట్టుకతోనే వగరు. దాన్ని మెత్తబరచటానికే నలభై ఏళ్ళు ఆగేది. మీరు దాన్ని ఒక్క నిమిషంలో గుంజేసి ఇత్తే, నేను నలభై ఏళ్ళు దేనికి ఆగినట్టు?"

సంఘంలో ఒకాయన ఉన్నాడు. ఆయన పేరు రాసి ఈ లాగ్‌ను పాడుచేయను. కాగితాలు తిరగేసి, "అమ్మా, వైద్య రికార్డు ప్రకారం మీకు వాసన తెలియదు కదా. సవరించినదైనా, సవరించనిదైనా మీకు పెద్ద తేడా ఉండదేమో" అన్నాడు.

కుంటివాడితో నీకు చెప్పులెందుకన్నట్టుంది. నేను లేచాను. ఏమన్నానో అంతా రాయను, కొంత రాస్తాను. తేడా తెలిసేది ఆ ఒక్కదానితోనే అని, ఆ ఒక్కదాన్నే మీరు తీసేస్తున్నారని, రుచంటే తెలియని యంత్రాన్ని రుచికి కాపలా పెట్టి మీరంతా నిద్రపోతున్నారని అన్నాను. నన్ను కూర్చోమన్నారు. కూర్చోలేదు. సమావేశం ముగిసిందన్నారు.

తన గది తలుపు దగ్గర ఒర్నెల్లమ్మ, "పోనీలే హైమా. అసలు తెరవకుండా ఉంచుకుంటా" అంది. తాగనివ్వని వైను, ఉంచుకుని ఏం చేసుకుంటుంది? ఆ మాటకు నాకు ఏడుపొచ్చింది. ఏడుపు రాగానే మళ్ళీ కోపం వచ్చింది.

శనివారం

బచ్చలి కోశాను. కత్తిపీట పదును పెట్టాను.

ఇందుశేఖర్ పంటగదికి వచ్చాడు. ఒక్కడే వచ్చాడు. కాసేపు టొమాటోలు బాగున్నాయన్నాడు. వంకాయలు కూడా బాగున్నాయన్నాడు. సంగతి చెప్పమన్నాను.

"ఒక దారి ఉందండీ. వగరు రుచి కాదు, స్పర్శ. ఒర్నెల్ల గారు వాసన పోయిన పేషెంట్. అలాంటివాళ్ళకు నోటి స్పర్శ చికిత్స ఇవ్వచ్చని వైద్యశాల నియమాల్లో ఉంది. చికిత్సకు వాడే పదార్థం వంటశాలకు రాదు. వంటశాలకు రానిది సవరణకు రాదు. సీసా వైద్యశాల పేరు మీద రాసేస్తే, ఉన్నదున్నట్టు తాగచ్చు."

నిజంగానే సంతోషించాను. ఈ పిల్లాడికి ఒక జామకాయ ఇద్దామని కూడా అనుకున్నాను.

"కానీ మీ అర్జీ ఒకటి ఉంది కదండీ. వగరు రుచి అని మీరే అంటున్నారు. రుచి అయితే చికిత్స కుదరదు. రెండూ ఒకేసారి నిలబడవు. మీరు అర్జీ వెనక్కి తీసుకుని, వగరు రుచి కాదని సంతకం పెట్టాలి" అన్నాడు.

జామకాయ ఇవ్వలేదు.

"తర్వాత మాట మార్చితే?" అన్నాను.

"మినహాయింపు రద్దవుతుందండీ. మిగిలిన సరుకు సవరణకు వెళ్ళిపోతుంది." వెళ్ళబోతూ, "నేను మీ మంచికే చెబుతున్నాను" అన్నాడు.

అదే బాధ. నిజంగా మంచికే చెబుతున్నాడు! ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఆ గొయ్యి ఎంత లోతుందో కొలిచి మరీ చెబుతున్నాడు, దిగేటప్పుడు దెబ్బ తగలకుండా. ఇంతమంది సంతకాలు, ఇన్నాళ్ళ తిరుగుడు, పిల్లల నోట్లో ఒక్కసారైనా నిజమైన నేరేడు పండు పెట్టాలన్న ఆశ, అన్నీ ఒకవైపు. డెబ్బై దాటిన ఒక ఆడమనిషి చిగుళ్ళు ఒకవైపు. ఇలాంటి తూకం పెట్టమన్నవాడి త్రాసు విరిగిపోను.

ఆదివారం

సంతకం పెట్టాను.

"వగరు రుచి కాదు. అది కేవలం స్పర్శ అని అంగీకరిస్తున్నాను." పెట్టి, చేతులు సబ్బుతో కడుక్కున్నాను.

ఒర్నెల్లమ్మకు చెప్పలేదు. ఎలా ఒప్పుకున్నారే అని అడిగితే, "మంచిగా మాట్లాడితే ఎవరైనా వింటారమ్మా" అన్నాను. ఆవిడ నన్ను అనుమానంగా చూసింది. నేను మంచిగా మాట్లాడానంటే మా వాళ్ళెవరూ నమ్మరు.

సీసాను వైద్యశాల మూల గదిలో నిటారుగా నిలబెట్టారు. ఎవరూ ఊపకుండా మల్లేశం పక్కన కూర్చున్నాడు. తన పొరపాటు తెలిసినప్పటి నుంచి పాపం సగమైపోయాడు. గదిలోకి వచ్చిన నర్సు అలవాటుగా చెయ్యి చాపితే, "ముట్టకు! దండం పెడ్తా, ముట్టకు!" అని కేకలేశాడట.

గురువారం

ఈ లాగ్ తీసి చాలా రోజులైంది. పంట పనులన్నీ సకాలంలో జరిగాయి, రాయబుద్ధి కాలేదు.

మడ్డి దిగింది. నెత్తికి కట్టుకునే దీపం పెట్టి చూస్తే అడుగున నల్లగా ఒత్తుగా పేరుకుని, పైనంతా తేటగా ఉంది. ఈరోజే తాగాలని ఒర్నెల్లమ్మ నిర్ణయించింది. గదిలో మేం నలుగురం. ఆవిడ, నేను, మల్లేశం, ఇందుశేఖర్. చికిత్స జరిగిందని రాసుకోవడానికి ఇందుశేఖర్ ఉండాలట.

కార్కు పుచ్చిపోయిన వక్కలా పొడిపొడి అయింది. వైద్యశాల పట్టకారుతో ముక్క ముక్కగా తీసింది ఒర్నెల్లమ్మ. సీసా మెడ కింద దీపం పెట్టుకుని, చెయ్యి వణక్కుండా, సన్నటి ధారగా వెడల్పాటి గాజు పాత్రలోకి వంచింది. మజ్జిగ మీది తేట వంచినట్టే, కాకపోతే ఇది ఒకే ఊపిరిలో వంచాలి. మడ్డి పోగు మెడ దాకా రాగానే ఆపేసింది. వైను మధ్యలో దానిమ్మ గింజ రంగు, అంచున ఇటుక రంగు. వయసు అంచు నుంచే మొదలవుతుందట.

నా గ్లాసులో పోసి, "వాసన చూడవే. నా బదులు నువ్వే చూడాల" అంది.

మా ఇంటావంటా లేని పని. చూశాను.

"ఏమీ లేదమ్మా. మూసిపెట్టిన బీరువా వాసన."

"ఆగు. నలభై ఏళ్ళు ఊపిరాడకుండా ఉంది, లేవంగానే మాట్లాడుద్దా? గ్లాసు తిప్పు. తిప్పి ఆగు."

మల్లేశానికి ఇది అన్యాయంగా తోచింది. "గిలాస తిప్పచ్చు గని సీస ఊపద్దా? ఇదేం లెక్కమ్మా?" అన్నాడు. ఒర్నెల్లమ్మ చూసిన చూపుకు కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు.

ఆగాం. మళ్ళీ చూశాను. ఈసారి ఉంది.

"గులాబీ. ఎండిపోయిన గులాబీ రేకులు."

"ఊఁ. ఇంకా?"

"ఇంకా... ఎండలో తారురోడ్డు."

ఆవిడ కళ్ళు మూసుకుంది. "తారు ఉందా? బరోలోకి అదే గుర్తు. నిజం చెప్పు. నా కోసం చెప్పబాక."

"ఒట్టు. రేపల్లెలో రోడ్డు వేసే రోజున మా వీధంతా ఇదే వాసన. ఇప్పుడు కొత్త చెప్పుల వాసన కూడా వస్తోంది."

ఆవిడ నవ్వింది. గ్లాసు ఎత్తింది. సరిగ్గా అప్పుడే ఇందుశేఖర్ కాగితం చూసుకుంటూ, "హైమావతి గారు వగరు రుచి కాదని సంతకం పెట్టినందువల్ల ఈ చికిత్స..." అని చదవడం మొదలుపెట్టాడు. నియమం ప్రకారం ముందు చదివి వినిపించాలట. ఏ గడియలో పుట్టాడో గానీ!

ఒర్నెల్లమ్మ గ్లాసు దించేసింది.

"ఏమే. నా కోసం అబద్ధం రాసిచ్చావా?"

"తాగమ్మా."

"పిల్లలకి నేరేడు పళ్ళు తినిపిస్తానని ఊరంతా తిరిగావు. నాకో గుక్కెడు పొయ్యటానికి అదంతా తుడిచేశావా? నాకొద్దు ఇది."

"తాగు ముందు!" అని అరిచాను. "తాగకపోతే నేను పెట్టిన సంతకం కూడా దండగ. ఇంత పోట్లాటా దేనికి? తాగు. పోట్లాట తర్వాత."

గ్లాసు మళ్ళీ ఎత్తింది, తాగింది.

మింగలేదు. నోట్లోనే ఉంచుకుంది. పెదాలు బిగించి, బుగ్గలు లోపలికి లాక్కుని, చిగుళ్ళ మీద నాలుక తిప్పుతూ ఉండిపోయింది. ముగ్గురం ఆవిడ నోటి వంకే చూస్తున్నాం. మింగాక కూడా నాలుక తిప్పుతూనే ఉంది. నాకు భయమేసింది. ఏమీ తెలియలేదేమో, నలభై ఏళ్ళకు అదీ పోయిందేమో అనుకున్నాను.

"ఉంది" అంది చివరికి. "అప్పుడు కరిచింది. ఇప్పుడు పట్టుకుంటంది. మెత్తబడింది గానీ పోలా. హైమా, మా నాన్న చెప్పింది నిజం."

అని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. దాచుకోవడానికేముంది, ఇద్దరం గట్టిగానే ఏడ్చాం.

అప్పుడు నేనూ తాగాను. ముందు చింతచిగురు పులుపు. ఇంతేనా అనుకునేలోపు బుగ్గల పక్కల నుంచి వగరు మెల్లగా వచ్చింది. పచ్చి అరటికాయలా మొరటుగా కాదు, చాలా సన్నగా వచ్చి చిగుళ్ళ మీద కూర్చుంది. మింగేసిన చాలాసేపటికి కూడా లేచిపోలేదు. వగరు ఇంత పెద్దమనిషి కాగలదని నాకు ఈ వయసుదాకా తెలియదు.

ఇందుశేఖర్ కూడా ఒక గుక్క తాగాలి, చికిత్స పదార్థం అదేనని ధ్రువీకరించడానికి. తాగాడు. అతని మొహం పాలిపోయింది.

"నా నోరు... ఏదో అయిపోతోంది. ఎండిపోతోంది. నర్సును పిలవండి!"

పుట్టి బుద్ధెరిగాక వగరు ఎరగని నోరు. మల్లేశం పడీపడీ నవ్వాడు. ఒర్నెల్లమ్మ అతని చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. "ఏం కాదు నాయనా. కూసో. దాన్ని ఉండనీ. నీళ్ళు తాగబాక."

కూర్చున్నాడు. చాలాసేపు నాలుకతో పళ్ళు తడుముకున్నాడు. కాసేపటికి గ్లాసు తనే ముందుకు జరిపాడు. "ఇంకొంచెం పోస్తారా? ధ్రువీకరణ కోసం" అన్నాడు. పోశాం. రెండోసారి తాగి, "పులుపు తర్వాత వచ్చే రుచి బాగుందండీ" అన్నాడు.

"ఏదీ? ఏమన్నావ్?" అన్నాను.

ఎర్రబడ్డాడు. కాగితాలు సర్దుకున్నాడు. ఏమీ రాసుకోలేదు.

ఆ మాట విన్నాక నా కడుపు మంట రెట్టింపయింది. రెండు గుక్కల్లో తెలిసిన సంగతి ఇది! దీన్ని కాదనడానికి వీళ్ళకు సంఘం కావాలి, యంత్రం కావాలి, నా చేతి అబద్ధపు సంతకం కావాలి. ఈ పిల్లాడి నోట్లోంచి పాతికేళ్ళుగా ఒక రుచిని దొంగిలించి, అది రుచే కాదని అతని చేతే చెప్పిస్తున్నారు.

సీసా అయ్యేదాకా కూర్చున్నాం. వైను గంట గంటకూ మారుతూనే ఉంది. గులాబీ పోయి ఎండు ద్రాక్ష వచ్చింది, తర్వాత పొగాకు. నేను చెబుతుంటే ఆవిడ తలూపుతూ వింది. వగరు మాత్రం మారలేదు, నేను చెప్పక్కర్లేకుండా ఆవిడకే తెలుస్తూ ఉంది. చివరికి సీసా అడుగున మడ్డి మిగిలితే వేలితో తీసి చిగుళ్ళకు రాసుకుంది. మా ముగ్గురికీ తలా కొంచెం పెట్టింది. మల్లేశం కళ్ళకద్దుకుని తిన్నాడు.

లేచేటప్పుడు ఒర్నెల్లమ్మ నా భుజం పట్టుకుంది. "అయిపోయిందిగా. ఇప్పుడు పోట్లాడు" అంది.

శుక్రవారం

బచ్చలి కోశాను. అరటి గెల దింపాను. దాన్ని సవరణకు పంపలేదు.

ఈ లాగ్ నెల నెలా రుచి సంఘం చదువుతుందని నాకు తెలుసు. కాబట్టి ఇక్కడే రాస్తున్నాను, వేరే అర్జీ రాసి కాగితం తగలెయ్యను.

పంటగది నిర్వాహకురాలు హైమావతి అనే నేను, వగరు రుచి కాదని పెట్టిన సంతకాన్ని ఇందుమూలంగా వెనక్కి తీసుకుంటున్నాను. ఆ సంతకం అబద్ధం. మీరు పెట్టించిన అబద్ధం. వగరు రుచే. మా అమ్మమ్మకు రుచే, ఒర్నెల్లమ్మ తాతకు రుచే, మీ పిల్లలకూ రుచే అవుతుంది, మీరు వాళ్ళ నోటికి అడ్డు తప్పుకుంటే. నా పాత అర్జీ మళ్ళీ బతికిందని రాసుకోండి. దాని మీద ఒర్నెల్లమ్మ సంతకం కొత్తగా చేరింది, మల్లేశంది కూడా.

మాట తప్పాను కాబట్టి మినహాయింపు రద్దు చేస్తారు. చేసుకోండి. మిగిలిన వైనంతా సవరణ యంత్రానికి పంపమంటారు. అలాగే పంపించండి. అది నలుగురి కడుపుల్లో ఉంది, అందులో ఒకటి మీ డాక్టరు గారిది. వచ్చి తీసుకుపోండి.